నాగవేణి పేరు ఏ కార్డులో

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీరు ముప్పై ఒక్క ఏండ్లు చేసిండ్రు గదా, మాకేమన్న చెప్పుండ్రి" అంటారు. నాలుగు మాటలు చెప్పి, ఏదో ఒకటి తినిపించి పంపిస్తాను. వాళ్లు గేటు దాటాక, అసలు చెప్పవలసింది చెప్పలేదని తెలుస్తుంది. అది ఎదురుగా కూర్చుని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

గదిలో పని

రాయచూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను మెడికల్ సోషల్ వర్కర్‌గా ఉండేదాన్ని. మందులివ్వడం, సూదులు వేయడం నా పని కాదు. ఓపీ చీటీల వరసకు పక్కగా ఒక చిన్న గది, ఒక బల్ల, ఎదుట రెండు కుర్చీలు. ఆ కుర్చీలు చాలాసార్లు ఖాళీగానే ఉండేవి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, కొందరు ఎవరి వీపు మీదో వచ్చేవాళ్లు. కొందరికి కూర్చోవడం కంటే గోడకు ఆనుకుని నిలబడడమే సులువు.

ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమై, అది మా ఆసుపత్రిలో కాదని డాక్టరు రాస్తే ఆ కాగితం నా దగ్గరికి వచ్చేది. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ మనిషికి వర్తిస్తుందా లేదా చూడడం, వర్తిస్తే కాగితాలు సరిచేసి పంపడం నా పని.

చిన్నపిల్లలు తల్లిదండ్రుల కార్డు మీద వస్తారు. ముసలివాళ్లకు ఏదో ఒక ఆధారం ఉంటుంది. ఇబ్బందంతా పద్దెనిమిది దాటి నలభై లోపున్న అంగవికలుల దగ్గరే. వాళ్ల చేతిలో అంగవికల ధ్రువపత్రం ఉంటుంది, నూటికి ఎంత వైకల్యమో అందులో డాక్టర్లు రాసి ఉంటారు. అది చూపిస్తే చాలు, బీమా వస్తుందని అనుకుంటారు. చేరిన కొత్తలో నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ పత్రం బస్సు పాసుకు పనికొస్తుంది, నెల పింఛనుకు పనికొస్తుంది. బీమా పూర్తిగా రావాలంటే మాత్రం పేదల రేషన్ కార్డులో పేరుండాలి. ఆ కార్డు కుటుంబానిది. కాబట్టి ఒంట్లో ఏముందని అడగకముందే, నువ్వు ఎవరింటి మనిషివి అని అడగవలసి వచ్చేది.

ఈ ప్రశ్నకు జవాబు లేనివాళ్లు ఎంతమందో ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది. అన్నదమ్ములు వేరుపడి కార్డులు చీల్చుకున్నప్పుడు కాళ్లు లేని తమ్ముణ్ణి ఎవరూ తమ వైపు రాయించుకోరు. చూపు లేని చెల్లెలు వదిన కార్డులో ఉండదు, చనిపోయిన తల్లి కార్డులో ఉంటుంది. వాళ్లు నా ముందు తల వంచుకుని నిలబడేవాళ్లు, తప్పేదో తామే చేసినట్టు.

మా అధికారి కోపం

నాగవేణి సంగతి చెప్పేముందు, అంతకు కొన్నాళ్ల ముందు జరిగింది ఒకటి చెప్పాలి.

యరగేర నుంచి ఒకతను వచ్చాడు. చిన్నప్పటి నుంచి ఒక కాలు సరిగా లేదు, తుంటి అరిగిపోయింది. కార్డు చూశాను, పేరుంది, పంపాను. ఆపరేషన్ అయింది. తరువాత తేలిందేమంటే, అతని అన్న కొత్త కార్డు తీసుకున్నప్పుడు బియ్యం ఎక్కువ వస్తాయని తమ్ముడి పేరు అందులోనూ రాయించాడు. పేరు రెండు చోట్ల ఉంది కాబట్టి క్లెయిము తిరగ్గొట్టారు.

మా అధికారి నన్ను పిలిచి, నలుగురూ చూస్తుండగా కన్నడలో కడిగేశాడు. పేరు ఒక్కచోటే ఉండాలి, రెండు చోట్ల ఉన్న మనిషి కాగితం ఇంకోసారి తన బల్ల మీదికొస్తే బాధ్యత అంతా నాదే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన్ను పైవాళ్లు అంతకు ముందురోజే అట్లా కడిగారు. పైనుంచి వచ్చిన భయాన్ని కిందికి పంపడం ఆయనకు అలవాటైపోయింది. నేను దాన్ని ఇంకా కిందికి పంపాను.

నాగవేణి

దీపావళి వెళ్లిన వారం అనుకుంటాను. దేవసూగూరు నుంచి తిమ్మప్ప అనే రైతు తన కూతుర్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చాడు. ఆ కుర్చీ ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చేది, ఒక చక్రం సరిగా తిరగదు. దాన్ని ఆయన కుడివైపు వంచి పట్టుకుని తెచ్చాడు. బిడ్డ కుదుపుకు ఒరిగిపోకుండా ఒక చెయ్యి ఆమె భుజం మీదే ఉంది.

కూతురు నాగవేణికి ఇరవై మూడేళ్లు. పీయూసీ పాసైంది, కుట్టుపని వచ్చు. కృష్ణ అవతల, తెలంగాణ వైపు ఒక పల్లెలో ఇచ్చారు. పెళ్లయిన ఏడాదికి వానాకాలంలో, బర్రెను కట్టేసి వస్తుంటే నానిన మట్టిగోడ కూలి నడుము మీద పడింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది, నడుము కింద స్పర్శ పోయింది. అత్తింటివాళ్లు ఒక నెల ఉంచుకుని, ఒకరోజు ఆటోలో తెచ్చి తండ్రి గుమ్మంలో దించి వెళ్లారు. తల్లి లేదు, అన్నదమ్ములు లేరు. తిమ్మప్ప రెండెకరాల పత్తి చేను కౌలుకిచ్చి ఇంట్లోనే ఉండిపోయాడు. రెండు గంటలకొకసారి బిడ్డను పక్కకు తిప్పాలి గదా.

"బిడ్డకు నడుము కింద పుండు అయ్యింది మేడం. పెద్ద దవాఖాన్ల ఆపరేషన్ చెయ్యాలె అంటున్నరు. కార్డు తీస్కపొమ్మన్నరు" అన్నాడు.

కార్డు చూశాను. తండ్రి కార్డులో ఆమె పేరు అట్లాగే ఉంది. ఆధార్‌లో మాత్రం అత్తింటి ఊరు. పెళ్లయిన కొత్తలో అత్త తీసుకెళ్లి మార్పించిందట.

"పెండ్లయింది గదా, పేరు ఇంకా ఈడనే ఎందుకున్నది?" అన్నాను.

"ఆ గడబిడల తీపియ్య మర్చినం మేడం."

"మర్చింది మంచిగయ్యింది" అంది నాగవేణి.

అప్పుడు ఆమె ముఖం చూశాను. అంతవరకు నేను తండ్రితోనే మాట్లాడుతున్నాను.

యరగేర మనిషి నా కళ్ల ముందు ఉన్నాడు. రెండు చోట్ల, రెండు రకాల కాగితాలు. "గిట్ల ఉంటె రేపు క్లెయిము వాపస్ కొడ్తరమ్మ. ఈడ పేరు తీపిచ్చి మీ అత్తగారి కార్డుల ఎక్కియ్యుండ్రి. ఆ సర్కారు బీమాల హైదరాబాదు దవాఖాన్లు గూడ ఉంటయి" అన్నాను.

"వాళ్లు ఎక్కియ్యరు మేడం."

"ఎందుకెక్కియ్యరు? నువ్వు ఆ ఇంటి కోడలివి. నీకు హక్కున్నది."

"హక్కు ఉన్నది. అయినా ఎక్కియ్యరు. నన్ను ఆటోల ఎక్కిచ్చిన దినం మా అత్త నా చెప్పులు తీసి మా ఆడబిడ్డకు ఇచ్చింది. నా కండ్ల ముందరనే. ఇగ నేను ఆ ఇంటి మనిషిని ఎట్లయిత?"

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. మన ఊళ్లో వాన పడింది అన్నట్టు చెప్పింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. నాకు నాలుగేళ్లప్పుడు మా నాన్న మా అమ్మను పుట్టింటికి పంపేశాడు. రాయచూరులోనే మా మేనమామ ఇంట్లో ఆమె చనిపోయేదాకా వంట చేసింది. మా మామ మంచివాడే. కాని ఆమె పోయినప్పుడు మునిసిపాలిటీలో కాగితం రాయిస్తుంటే, ఏ కార్డులో ఉందని అడిగారు. ఏ కార్డులోనూ లేదు. మొగుడి ఇంటిని వదులుకున్న ఆడది చివరికి ఎక్కడా లేకుండా పోతుందని ఆ రోజు నా మనసులో నాటుకుపోయింది. నాగవేణి పేరు ఆ ఇంటి కార్డులోకి ఎక్కిస్తే మొగుడు తప్పించుకోలేడని, ఆమెకు నేను గొప్ప ఉపకారం చేస్తున్నానని అనుకున్నాను. మా అమ్మకు ఎవరూ చేయనిది ఈ పిల్లకు చేస్తున్నాననుకున్నాను.

తిమ్మప్పను వరండాలోకి పిలిచాను. "బిడ్డ కోపంల ఉన్నది. మీరు పెద్దమనిషి, జర ఆలోచించుండ్రి. పేరు మీ తాన్నే ఉంచుకుంటె ఆ సంబంధం మీరే తెంపినట్టయితది" అన్నాను.

"మీరు చదువుకున్నోళ్లు మేడం. మీరు చెప్పినట్టే చేస్త" అన్నాడు.

తిమ్మప్ప గదిలోకి వచ్చి కుర్చీ తిప్పుతుంటే నాగవేణి నన్ను అడిగింది. "మా నాయనకు ఏం చెప్పిండ్రు మేడం?"

"నీ మంచికే చెప్పిన" అన్నాను.

నాలుగు నెలలు

పేరు తీయించడానికి వారం పట్టలేదు. తీయడం ఎప్పుడూ సులువే.

తరువాత తిమ్మప్ప ప్రతి పదిహేను రోజులకూ నది దాటి వెళ్లేవాడు. ఆ రోజుల్లో బిడ్డను తిప్పడానికి పక్కింటి ఆవిడను బతిమాలి కూర్చోబెట్టేవాడు. వియ్యంకుడు ఒకసారి పత్తి తీసేది అయిపోనీ అన్నాడు. ఇంకోసారి, కొత్త పేర్లు ఇప్పుడు ఎక్కించడం లేదట, సర్వర్ బంద్ ఉందట అన్నాడు. అది నిజమే, అప్పుడు అక్కడ కొత్త పేర్లు తీసుకోవడం లేదు. కాని తీసుకుంటున్నా వాళ్లు ఎక్కించేవాళ్లు కాదు.

నేను ఒకసారి ఆమె భర్తకు ఫోన్ చేశాను. "ఇంట్లోళ్లు ఒప్పుకుంటలేరు మేడం" అన్నాడు. నువ్వేమంటావు అని అడిగాను. ఫోను పెట్టేశాడు. ఉగాదికి ముందు నలుగురు పెద్దమనుషులు ఆ ఊరి నుంచి దేవసూగూరు వచ్చి, విడిపోయినట్టు కాగితం మీద నాగవేణి సంతకం తీసుకుని వెళ్లారు. ఆమె చదివి, ఒక అక్షరం తప్పుంటే దిద్ది మరీ సంతకం చేసిందని తిమ్మప్ప చెప్పాడు.

ఈలోగా పుండు పెరిగింది. కట్టు మార్చడానికి మా ఆసుపత్రికి తెచ్చేవాళ్లు. పుండ్లు చూడడం నా పని కాదు. ఒకరోజు ఏదో సంతకం కోసం డ్రెస్సింగ్ గదిలోకి వెళ్లాను. నాగవేణి బోర్లా పడుకుని ఉంది. గాయం మధ్యలో తెల్లగా కనిపిస్తే గాజుగుడ్డ మరిచిపోయారేమో అనుకుని సిస్టర్‌తో చెప్పాను. అది ఎముక అని సిస్టర్ చిన్నగా చెప్పింది.

నాగవేణి నా గొంతు గుర్తుపట్టింది. తల తిప్పకుండానే అంది. "నొప్పి లేదు మేడం. అదే నా కష్టం. నొప్పి ఉండి మొత్తుకుంటె జల్ది చేసేటోళ్లేమో."

శిరస్తేదారు అడిగిన మాట

మర్నాడు తహశీల్ ఆఫీసుకు వెళ్లాను. తండ్రి కార్డులోనే పేరు తిరిగి ఎక్కిద్దామంటే, అప్పటికి మన వైపు కూడా కొత్త పేర్లు ఆపేశారు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. నేను వెళ్లకుండా అక్కడే నిలబడ్డాను. చివరికి వాళ్ల మీది అధికారి శిరస్తేదారు లోపలికి పిలిచాడు. ఆయన మన రాయచూరు మనిషే, తెలుగులోనే మాట్లాడాడు.

కాగితాలన్నీ చూసి, "ఉన్న పేరును ఎందుకు తీపిచ్చిండ్రు?" అన్నాడు.

"రెండు చోట్ల ఉండొద్దని."

"రెండో చోట ఎక్కిందా?"

"లేదు."

"మరి రెండు చోట్ల ఎక్కడున్నదమ్మ?"

అతి చిన్న లెక్క అది. యరగేర మనిషి పేరు నిజంగానే రెండు కార్డుల్లో ఉంది. నాగవేణి పేరు ఒక్క కార్డులోనే ఉంది. ఆధార్‌లో ఊరు వేరైతే ఊరు మార్పిస్తే సరిపోయేది. నా భయంలో ఆ రెండు సంగతుల తేడా నాకు కనిపించలేదు.

ఆయన నన్ను తిట్టలేదు. ప్రాణం మీదికి వచ్చిన రోగులకు కొత్త పేర్లు ఆపినప్పుడు కూడా దారి ఉందని, డాక్టరు ఉత్తరం జతచేసి అర్జీ ఇస్తే ప్రత్యేకంగా మంజూరు చేస్తారని చెప్పాడు. "సర్క్యులర్ మీ దవాఖానకు గూడ వచ్చింటది" అన్నాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చి వెతికాను. వచ్చింది. దాని మీద చేరిన తేదీ వేసి ఉంది, పక్కన నా పొడి సంతకం ఉంది. చదవకుండా ఫైల్లో పెట్టింది నేనే.

పదకొండో రోజున పేరు ఎక్కింది. పై వారం నాగవేణిని వేరే జిల్లాలోని పెద్ద ఆసుపత్రికి పంపాం. ఆపరేషన్ చేసి తొడ దగ్గరి కండ తీసి పుండు మూశారు. నెల రోజులు ఉంచుకున్నారు. ఎముకకు చీము పట్టిందని, మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయని పంపేటప్పుడు చెప్పారు. ఆ సర్జన్‌కు నేను ఫోన్ చేసి, నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఎట్లా ఉండేదని అడిగాను.

"ఎముకకు పట్టేది కాదేమో. మూత్రపిండాల సంగతి వేరు, అది ఎట్లాగైనా వచ్చేదేమో. కచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నాడు.

ఆయన నిజాయితీగా చెప్పాడు. నేను తప్పు చేశానని గాని చేయలేదని గాని ఆయన తేల్చి చెప్తే బాగుండుననిపించింది. ఆ రెండు "ఏమో"లు అప్పటినుంచి నాతోనే ఉన్నాయి.

నది అవతల

ఎండాకాలంలో ఒక ఆదివారం దేవసూగూరు వెళ్లాను. మంచం కిటికీ పక్కకు జరిపి ఉంది, అక్కడి నుంచి థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. నాగవేణి పక్కకు ఒత్తిగిలి జాకెట్టుకు చేత్తో హుక్కులు కుడుతోంది. తిమ్మప్ప ఇంట్లో లేడు, చేను చూడ్డానికి పోయాడు.

నేను చెప్పవలసింది అంతా చెప్పాను. వరండాలో ఆమె తండ్రితో ఏమన్నానో చెప్పాను. సర్క్యులర్ సంగతి చెప్పాను. ఆమె హుక్కు కుట్టడం ఆపకుండా వింది.

"మీరు చెప్పింది తప్పని నాకు ఆ దినమే తెలుసు మేడం. మీకు ఇప్పుడు తెలిసింది" అంది.

నేను ఇంకేమైనా అంటుందేమో అని చూశాను. దారం కొరికి, సూది దిండుకు గుచ్చి, "ఒక పని చేస్తరా?" అంది. "నా కుట్టు మిషన్ ఆడనే ఉన్నది. పెండ్లిల నాయన కొనిచ్చింది. నాయన పోతె మాటలు పడి వస్తడు. మీరు పోతె ఇస్తరు. మీరు సర్కారోళ్లు గదా."

మరుసటి వారం చిన్న టెంపో మాట్లాడుకుని వంతెన దాటి ఆ ఊరికి వెళ్లాను. ఎంత కోపంతో వెళ్లానో ఇప్పుడు చెప్తే మీరు నవ్వుతారు. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇంటి ముందు అత్త నన్ను చూసి లోపలికి పోయింది. ఆమె కొడుకు బయటికి వచ్చాడు. సన్నగా, మెడ వంచుకుని ఉండే మనిషి. ఎందుకు వచ్చానో చెప్పగానే మిషన్ తనే మోసుకొచ్చి వాకిట్లో పెట్టి, తువ్వాలతో దుమ్ము తుడిచాడు.

"ఇది కాలుతోటి తొక్కేది మేడం. ఎట్ల కుడ్తది?" అన్నాడు.

"చేతితోటి తిప్పే పిడి పెట్టిస్తం."

తల ఊపి లోపలికి పోయి, దారపు కండెల డబ్బా, నూనె బుడ్డి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నూనె తక్కువైతె పట్టేస్తది. చెప్పుండ్రి" అన్నాడు. "మంచిగున్నదా?" అని కూడా అడిగాడు, నేను జవాబు చెప్పేలోపే లోపలి నుంచి తల్లి పిలిచింది. అతను వెళ్లిపోయాడు.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ అనలేదు. అతను దుర్మార్గుడు కాదు. తల్లి పిలిస్తే వెళ్లే మనిషి, అంతే. నాగవేణికి మాత్రం దుర్మార్గుడి వల్ల జరిగేదే అతని వల్లా జరిగింది.

ఆ మిషన్ మీద ఆమె రెండేళ్లు కుట్టింది. అరగంట కుట్టి గంట పడుకునేది. ఆమెకు కార్డుల సంగతి తెలుసని ఊళ్లో పాకింది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చేవాళ్లతో పాటు కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు కూడా మొదలయ్యారు. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసేది. "మేడం, ఒక పిల్ల వచ్చింది, చెవులు వినపడయి. వాళ్ల అన్న పేరు తీపిస్త అంటున్నడు. కొత్త కార్డు చేతికొచ్చేదాంక తీపియ్యొద్దు అని చెప్పిన. సరేనా?" సరే అనేదాన్ని. నన్ను అడగవలసిన అవసరం ఆమెకు లేదు. అయినా అడిగేది.

మీకు చెప్పదలచినది

మీలో కొందరు నాకంటే బాగా చదువుకున్నవాళ్లు. కంప్యూటరు నాకంటే బాగా వాడతారు. సర్క్యులర్ వస్తే చదవండి. ఇది పెద్ద మాటేమీ కాదు, కాని నేను చేయలేదు.

ఎవరిదైనా పేరు ఒకచోట ఉంటే, ఇంకోచోట ఎక్కి, ఆ కాగితం మీ చేత్తో మీరు పట్టుకునేదాకా తీయించకండి. పై అధికారి అరిస్తే అరవనివ్వండి. అరుపులు వారంలో మరిచిపోతాం.

చక్రాల కుర్చీలో ఉన్న మనిషి మాట్లాడుతుంటే కుర్చీ తోస్తున్న మనిషితో మాట్లాడకండి. నాగవేణి తన బతుకు గురించి తనకు తెలిసింది నాకు రెండు వాక్యాల్లో చెప్పింది. నేను ఆమె తండ్రిని వరండాలోకి పిలిచాను. ఆయనకు నా మీద ఉన్న గౌరవాన్ని ఆయన బిడ్డ మాట మీద వాడాను. నా సర్వీసులో అంతకంటే చెడ్డ పని నేను చేయలేదు, అది చేసేటప్పుడు నా మనసు ఎంతో దయతో నిండి ఉంది. దయ వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండండి. నేను నాగవేణిని చూస్తూ మా అమ్మను చూశాను, నాగవేణిని చూడలేదు.

నియమం గురించి కూడా నా అభిప్రాయం చెప్తాను, ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనలేరు. వైకల్యమున్న యువకులకు, యువతులకు బీమా వాళ్ల సొంత పేరు మీదే ఉండాలి. తండ్రి కార్డు, మొగుడి కార్డు, అన్న కార్డు అని వెతికించకూడదు. ఇంట్లోవాళ్లు వదిలేసినవాళ్లకే బీమా ఎక్కువ అవసరం. ఇంట్లోవాళ్లు వదిలేస్తే బీమా కూడా వదిలేస్తుందంటే ఎట్లా? ఈ మాటే రాసి పైకి పంపాను. జవాబు రాలేదు. మీరూ రాయండి.

దేవసూగూరులో

నేను రిటైరయ్యే ఏడాది ముందు, వానాకాలంలో నాగవేణి పోయింది. మూత్రపిండాలు. చివరి నెలల్లో మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. మూడుసార్లూ కార్డు చూపించగానే తీసుకున్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ కాగితమూ తక్కువ కాలేదు. అప్పటికి ఇరవై ఆరేళ్లు.

కబురు తెలిసినా వెంటనే వెళ్లలేకపోయాను. ఇరవై రోజులు దాటాక వెళ్లాను. తిమ్మప్ప గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మంచం తీసేసినట్టున్నారు, గది పెద్దగా కనిపించింది. నేను ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. ఏదో అడగాలని, చేను ఎట్లుందని అడిగాను. కౌలు మనిషిని మాన్పించానని, మళ్లీ తనే దున్నుకుంటున్నానని చెప్పాడు.

"నిద్రల ఇప్పటికి గూడ లేస్తున్న మేడం. రెండు గంటలకు ఒకపారి. ఇటు తిప్పాలె, అటు తిప్పాలె అని లేస్త. లేచినంక యాదికొస్తది" అన్నాడు.

మళ్లీ ఆయనే అన్నాడు.

"మీకు ఒక మాట చెప్పాలె. బిడ్డ ఉన్నప్పుడు చెప్తె నన్ను తిడ్తది అని చెప్పలే. మీ మీద నాకు కోపం ఉండె. ఆ దినం మీ మాట విన్నందుకు నా మీద గూడ ఉండె. నాది నేను ఎట్లనో మింగుకుంటున్న. మీ మీదిది పోలే మేడం. ఇప్పుడు గూడ ఉన్నది."

"ఉండాలె" అన్నాను.

ఆయన తల ఊపాడు. నేను లేవబోయాను.

"కూసోండ్రి" అన్నాడు. "ఎండన పడి వచ్చిండ్రు. చాయ్ తాగి పోండ్రి."

లోపలికి వెళ్లి తనే పొయ్యి వెలిగించాడు. గిన్నె పెట్టిన చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు వినిపించాయి. ఒక గ్లాసే తెచ్చి నా చేతికి ఇచ్చి, మళ్లీ గుమ్మంలో తన చోట కూర్చున్నాడు. నేను తాగినంతసేపూ నా వైపు చూడలేదు. చాయ్ బాగా వేడిగా ఉంది. చివరిదాకా తాగాను.